పాలమూరులో ఏ ఉత్తరాన్ని పట్టుకోవాలి? సర్వే అడ్జస్ట్‌మెంట్ సాఫ్ట్‌వేర్‌లో బేరింగులు ఎక్కించే దారులు, ఏ పనికి ఏది నప్పుతుంది

మహబూబ్‌నగర్‌కు కూతవేటు దూరంలో ఒక చెలక. నేనూ మా చెయిన్‌మ్యానూ హద్దు రాయి కోసం వెతుకుతున్నాం. సాఫ్ట్‌వేర్ ఇచ్చిన కోఆర్డినేట్లు పట్టుకుని పోతే రోవర్ (చేతిలో పట్టుకు తిరిగే సర్వే జీపీఎస్) మమ్మల్ని గట్టు దాటించి పక్క పట్టాదారు పత్తి చేన్లో నిలబెట్టింది. అక్కడ రాయి లేదు, రాయి ఉన్న ఆనవాలూ లేదు. ఆ చేను పెద్దాయన నెమ్మదిగా నడిచొచ్చి, ఇవతల తుమ్మచెట్టు మొదట్లో మట్టి కప్పేసిన బండరాయిని చేతికర్రతో తట్టి చూపించాడు. "గిదే సారూ రాయి. మా నాయిన పాతిచ్చిండు. అప్పటిసంది ఇంచు గూడ జరగలె." టేపు పట్టి చూశాం. 15 మీటర్ల పైచిలుకు తేడా. మా ట్రావర్స్ (ఒకదాని వెనక ఒకటి కొలుచుకుంటూ పోయిన లైన్ల గొలుసు) క్లోజర్, అంటే లెక్క చివర కలవడం, మాత్రం చాలా బాగుంది. రిపోర్టులో వంక పెట్టడానికి ఏమీ లేదు. అయినా పెద్దాయన మాటే నిజం.

ఆ రాత్రి ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటే తప్పు దొరికింది. కంట్రోల్ పాయింటు (స్థానం ముందే ఖాయంగా తెలిసిన పాయింటు) ఒక్కటే పెట్టాను, అదీ యూటీఎం అనే మ్యాపు పద్ధతిలోని 43వ జోన్‌లో. మొదటి లైను బేరింగ్‌ను, అంటే ఉత్తరం నుంచి ఆ లైనుకు ఉన్న కోణాన్ని, అంతకుముందు వేరేవాళ్లు గీసిన డ్రాయింగ్ నుంచి ఎత్తి రాశాను. ఆ డ్రాయింగ్ 44వ జోన్‌లో ఉంది. రెండు జోన్ల ఉత్తరాలకు మధ్య మా దగ్గర 1 డిగ్రీ 44 నిమిషాల తేడా ఉంటుంది. 500 మీటర్ల లైను అంత తిరిగితే చివర 15 మీటర్లు పక్కకు పోతుంది. కొలతలు సరైనవే, లెక్క సరైనదే. మొత్తం చేను మాత్రం కంట్రోల్ పాయింటును ఇరుసుగా పట్టుకుని చక్రంలా తిరిగింది.

కొలతల్లోని చిన్న చిన్న తేడాలను సర్దే ఈ అడ్జస్ట్‌మెంట్ సాఫ్ట్‌వేర్‌లోకి బేరింగులను ఎలా ఎక్కించాలి అన్న ప్రశ్నకు పుస్తకాల్లో పొడి జవాబులే దొరుకుతాయి. మన నేల మీద పనిచేసేవాళ్లకు ఏ దారి నప్పుతుందో, ఏది ఎక్కడ ముంచుతుందో చెప్పాలనే ఇది రాస్తున్నాను.

పాలమూరు కష్టం ఏమిటంటే

యూటీఎం పద్ధతిలో భూమిని 6 డిగ్రీల చొప్పున నిలువు చీలికలుగా కోశారు. 43వ జోన్ 72 నుంచి 78 డిగ్రీల తూర్పు రేఖాంశం వరకు, దాని మధ్యరేఖ 75. 44వ జోన్ 78 నుంచి 84 వరకు, మధ్యరేఖ 81. ఆ 78 డిగ్రీల రేఖ సరిగ్గా మహబూబ్‌నగర్ పట్టణం దగ్గరే పోతుంది. మక్తల్, నారాయణపేట, గద్వాల 43లో పడతాయి. జడ్చర్ల, నాగర్‌కర్నూల్, కల్వకుర్తి, నల్గొండ జిల్లా అంతా 44లో పడతాయి. మక్తల్ నుంచి దేవరకద్ర మీదుగా జడ్చర్లకు బస్సులో పోయేవాడు మధ్యలో జోన్ మారతాడు. రోడ్డు మీద దానికి గుర్తేమీ ఉండదు. 1802లో మద్రాసులో లాంబ్టన్ మొదలుపెట్టిన కొలతల నుంచి పుట్టిన గ్రేట్ ఆర్క్ కూడా ఈ 78 డిగ్రీల చుట్టుపక్కలే దక్షిణం నుంచి హిమాలయాల వైపు సాగింది. దేశానికే వెన్నుపూసలాంటి గీత మన ఊళ్ల మీదుగా పోయింది. అదే గీత ఇప్పుడు రెండు జోన్లకు అతుకైంది.

ప్రతి జోన్ మీదా పరిచిన చదరపు గళ్లే గ్రిడ్. గ్రిడ్‌లో నిలువు గీతలన్నీ మధ్యరేఖకు సమాంతరంగా ఉంటాయి. అసలు రేఖాంశాలు మాత్రం ధ్రువం వైపు దగ్గరవుతూ పోతాయి. ఈ రెంటి మధ్య కోణమే కన్వర్జెన్స్. చేత్తో వేసుకోవడానికి సులువైన సూత్రం ఉంది: మధ్యరేఖ నుంచి ఎన్ని డిగ్రీల దూరంలో ఉన్నామో దాన్ని అక్షాంశం సైన్‌తో గుణించడమే. మహబూబ్‌నగర్‌లో 3 డిగ్రీలు ఇంటూ 0.288, అంటే 52 నిమిషాలు. 43వ జోన్‌లో అది ప్లస్ 52, 44వ జోన్‌లో మైనస్ 52. గద్వాలలో 43వ జోన్ ప్రకారం ప్లస్ 47 నిమిషాలు. నల్గొండ పట్టణంలో మైనస్ 30, మిర్యాలగూడలో మైనస్ 25. నిజ ఉత్తరం నుంచి కొలిచిన దిశ కోణం, అంటే అజిమత్‌లోంచి ఈ కన్వర్జెన్స్‌ను గుర్తుతో సహా తీసేస్తే గ్రిడ్ బేరింగ్ వస్తుంది. నల్గొండలో మైనస్‌ను తీసేయడమంటే కలపడమే కాబట్టి, నిజ ఉత్తరానికి పోయే లైను గ్రిడ్‌లో 0 డిగ్రీల 30 నిమిషాలు చూపాలి.

ఇంకో చిక్కు మహబూబ్‌నగర్‌కు మాత్రమే ఉంది. ఎవరైనా కన్వర్జెన్స్ గుర్తు తారుమారు చేస్తే వచ్చే తప్పు రెండు రెట్లు 52, అంటే 1 డిగ్రీ 44 నిమిషాలు. జోన్ తప్పితే వచ్చేదీ అంతే. తేడా ఎంతో చూసి ఏ తప్పు జరిగిందో చెప్పలేం. నేను మొదట గుర్తు తప్పిందనుకుని ఒక గంట అదే వెతికాను.

ఉన్న దారులు

మొదటిది, ప్రొజెక్షన్ (గుండ్రటి భూమిని చదును కాగితం మీదికి దించే లెక్క) జోలికే పోకపోవడం. ఒక పాయింటుకు 1000, 1000 అని కోఆర్డినేట్లు ఇచ్చి, బ్యాక్‌సైట్‌కు (వెనక చూసే పాయింటుకు) సున్నా పెట్టి, అంతా చదును నేల అనుకుని లెక్క కట్టడం. దీన్ని చిన్నచూపు చూడక్కర్లేదు. అన్నదమ్ములు రెండెకరాలు పంచుకునేటప్పుడు, ఇంటి స్థలం కొలిచేటప్పుడు, పాత సర్వే కాగితమైన టిప్పన్‌తో చేను ఆకారం పోల్చేటప్పుడు ఇది చాలు. టిప్పన్‌లో ఉండేవి ఆధార రేఖ, దాని మీద నుంచి లంబంగా పోయిన దూరాలు. అక్కడ 33 అడుగుల గొలుసే కొలబద్ద. గుంట అంటే ఆ గొలుసు పొడవు, ఆ గొలుసు వెడల్పు, 121 గజాలు. అలాంటి కాగితంతో పోల్చడానికి ఆకారం కావాలి గానీ సెకన్ల దాకా ఉత్తరం అక్కర్లేదు. పైగా ఈ పద్ధతిలో దూరాలు నేల మీద ఎంతో కాగితం మీదా అంతే. కానీ ఆ చేనును ఊరి నక్షా మీదో, ఉపగ్రహ చిత్రం మీదో కూర్చోబెట్టమంటే కుదరదు. పదేళ్ల తర్వాత రాయి పోతే, మీ కాగితం చూసి ఇంకో సర్వేయర్ దాన్ని మళ్లీ పెట్టలేడు. 2025లో భూభారతి చట్టం వచ్చాక సర్వే మ్యాపు గురించి రైతులే అడుగుతున్నారు. ఇక మీదట ఈ దారి చిన్న పనులకే పరిమితం చేసుకోవడం మంచిది.

దిక్సూచి బేరింగులను ఒక దారిగా నేను లెక్కలోకి తీసుకోను. అయస్కాంత ఉత్తరం ఏటేటా జరుగుతుంది. చేన్లో బోరుకు ఇనుప కేసింగ్ పైపు ఉన్నా ముల్లు పక్కకు లాగుతుంది. పాత కాగితం మీద అలాంటి బేరింగ్ ఉంటే రాయి ఏ వైపు వెతకాలో తెలుసుకోవడానికి వాడుకోండి, అడ్జస్ట్‌మెంట్‌లోకి మాత్రం రానివ్వకండి.

రెండోది, గ్రిడ్ బేరింగులు. ముందే అన్నింటినీ ఒకే జోన్ గ్రిడ్‌లోకి మార్చి, సాఫ్ట్‌వేర్‌కు సిద్ధంగా ఇవ్వడం. ఇందులో ఒక సుఖం ఉంది. ముందు చూపు బేరింగ్‌కు, వెనక చూపు బేరింగ్‌కు సరిగ్గా 180 తేడా. చేత్తో సరిచూసుకోవచ్చు. క్యాడ్ డ్రాయింగ్‌లో లైను మీద కనిపించే బేరింగ్ కూడా ఆ డ్రాయింగ్ గ్రిడ్‌దే కాబట్టి రెండూ కలుస్తాయి. చిక్కల్లా బేరింగ్ ఎక్కడి నుంచి వచ్చిందో మర్చిపోవడంలోనే. గూగుల్ ఎర్త్‌లో రూలర్ లాగితే వచ్చే దిశ నిజ ఉత్తరం నుంచి కొలిచింది. దాన్ని తెచ్చి గ్రిడ్ బేరింగ్ అని ఎక్కించే కుర్రాళ్లను చాలామందిని చూశాను. నల్గొండలో అరడిగ్రీ, మహబూబ్‌నగర్‌లో దగ్గర దగ్గర డిగ్రీ అక్కడే పోతుంది. 300 మీటర్ల చేన్లో డిగ్రీకి 5 మీటర్లు.

మూడోది, నిజ అజిమత్‌లు ఇచ్చి, మార్చే పని సాఫ్ట్‌వేర్‌కే వదిలేయడం. సూర్యుణ్ని చూసి తీసిన అజిమత్‌లు, అక్షాంశ రేఖాంశాల నుంచి లెక్కగట్టినవి ఈ కోవలోకి వస్తాయి. గ్రిడ్ ప్రాజెక్ట్ అని పెడితే ప్రతి పాయింటు దగ్గరా కన్వర్జెన్స్ లెక్కగట్టుకునే సాఫ్ట్‌వేర్‌లు ఉన్నాయి. కానీ లోకల్ అని వదిలేసిన ప్రాజెక్ట్‌లో నిజ అజిమత్‌లు ఇస్తే అది వాటిని చదును నేల మీది బేరింగులుగానే తీసుకుంటుంది. అప్పుడు ఏమవుతుందో కాలువ సర్వేలో బాగా తెలుస్తుంది. మన అక్షాంశంలో తూర్పు పడమరలుగా కిలోమీటరు పోతే రేఖాంశాలు 10 సెకన్లు దగ్గరవుతాయి. పది కిలోమీటర్ల కాలువకు 1 నిమిషం 39 సెకన్లు. రెండు చివర్లా నిజ అజిమత్ తీసి చదును లెక్కలో ముడిపెట్టిన ట్రావర్స్‌కు అంత మిస్‌క్లోజర్ (చివర కలవకుండా మిగిలే తేడా) వస్తుంది. కొలిచినవాడి తప్పేమీ ఉండదు, అయినా మాట అతనికే వస్తుంది. కోణాలూ దూరాలూ కొలిచే టోటల్ స్టేషన్‌ను సర్వీసుకు పంపించి, మళ్లీ కొలిచి, మళ్లీ అదే అంకె చూసి తల పట్టుకున్నవాళ్లు ఉన్నారు.

గ్నూ గామాలోని గామా లోకల్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లు లీస్ట్ స్క్వేర్స్ (ఎల్‌ఎస్) లెక్క, అంటే తేడాలను కొలతలన్నింటికీ తక్కువలో తక్కువగా పంచే లెక్క, చక్కగా చేస్తాయి. ఎల్‌ఎస్ అడ్జస్ట్‌మెంట్ నేర్చుకోవాలనుకునే కుర్రాళ్లకు నేను మొదట అదే చెబుతాను. కానీ అది చదును తలం మీద పనిచేస్తుంది. ప్రొజెక్షన్ దానికి తెలియదు, మార్చాల్సింది మనమే. అలాంటి వాటికి రెండో దారే సరి.

నాలుగోది, నాకు బాగా నచ్చినది: అసలు బేరింగులే ఎక్కించకపోవడం. టోటల్ స్టేషన్ కొలిచేది కోణాలను. కోణానికి ఏ ఉత్తరంతోనూ పని లేదు. సర్వేకు వాడే సూక్ష్మమైన జీపీఎస్, డీజీపీఎస్‌తో రెండు కంట్రోల్ పాయింట్లు, వీలైతే మూడు, ఒకే జోన్‌లో తీసుకుని, మిగతావన్నీ కోణాలూ దూరాలుగా ఇచ్చేస్తే దిశను సాఫ్ట్‌వేరే ఆ పాయింట్ల నుంచి తీసుకుంటుంది. ఎవరి ఉత్తరం ఏమిటన్న గొడవే లేదు. రెండు పాయింట్లు దూరంగా ఉండాలి, అదొక్కటే షరతు. ఒక్కో పాయింటులో 15 మిల్లీమీటర్ల తప్పు ఉందనుకుంటే, 200 మీటర్ల ఎడంలో దిశ 22 సెకన్లు అటూ ఇటూ ఊగుతుంది. 500 మీటర్ల ఎడం ఉంటే 9 సెకన్లకు దిగుతుంది. చెట్లు అడ్డం, ఎండ ఎక్కువ అని రెండు పాయింట్లను గట్టు ఈ చివరా ఆ చివరా 60 మీటర్లలో పెట్టేస్తే ఈ పద్ధతికి ఉన్న బలమంతా పోయినట్టే. ఆ పూట ఒక అరగంట ఎక్కువ నడవండి.

ఐదోది, మన ప్రాంతానికి సొంత ప్రొజెక్షన్ కట్టుకోవడం. యూటీఎం వాడే ట్రాన్స్‌వర్స్ మెర్కేటర్ ప్రొజెక్షన్‌నే తీసుకుని, మధ్యరేఖను 75లోనో 81లోనో కాకుండా 78 మీద పెట్టడం. అప్పుడు మహబూబ్‌నగర్ అతుకు మీద కాదు, నడిమధ్యలో ఉంటుంది. కన్వర్జెన్స్ పట్టణంలో సున్నా. పడమర మక్తల్ వైపు 8 నిమిషాలు, తూర్పున కల్వకుర్తి వైపు 8 నిమిషాలు, గుర్తులు వేరు, అంతే. ఇంతకన్నా పెద్ద లాభం దూరాల్లో వస్తుంది.

ఇక్కడ కాస్త ఆగి దూరాల సంగతి చెప్పాలి. బేరింగ్ సరిచేసుకుని దూరాన్ని మర్చిపోతే సగం పనే అయినట్టు. యూటీఎం మధ్యరేఖ మీద స్కేల్, అంటే అసలు దూరం గ్రిడ్‌లో ఎన్ని రెట్లు అవుతుందో చెప్పే అంకె, 0.9996. పక్కకు పోయేకొద్దీ పెరుగుతూ, సుమారు 180 కిలోమీటర్ల దగ్గర 1 అవుతుంది, ఆ తర్వాత 1 దాటిపోతుంది. నల్గొండ పట్టణం 81 రేఖకు దాదాపు 184 కిలోమీటర్ల పడమర ఉంది. అంటే అక్కడ స్కేల్ దాదాపు 1, కిలోమీటరుకు 2 సెంటీమీటర్లే తేడా. మహబూబ్‌నగర్ ఏ జోన్ మధ్యరేఖకైనా 320 కిలోమీటర్ల దూరంలో ఉంది. స్కేల్ 1.00087. నేల ఎత్తు వల్ల అందులో కొంచెం తగ్గినా, నేల మీద కిలోమీటరు గ్రిడ్‌లో 1000 మీటర్ల 80 సెంటీమీటర్లు అవుతుంది. వైశాల్యంలో చూడండి: నేల మీద సరిగ్గా పది ఎకరాలు ఉన్న చేను, గ్రిడ్ కోఆర్డినేట్ల నుంచి లెక్కిస్తే 77 గజాలు ఎక్కువ చూపుతుంది. అర గుంటకు పైనే. లేని భూమిని కాగితం మీద పుట్టించినట్టు. అమ్మేవాడూ కొనేవాడూ ఆ అర గుంట దగ్గర మాట జారి, కోర్టు మెట్లెక్కితే దానికి మూలం మన సెట్టింగే.

78 మధ్యరేఖతో సొంత ప్రొజెక్షన్ పెట్టి, మధ్య స్కేల్‌ను పట్టణం ఎత్తుకు తగ్గట్టు సుమారు 1.000066 అని ఇస్తే పట్టణం దగ్గర గ్రిడ్ దూరం, టేపు దూరం ఒకటైపోతాయి. 50 కిలోమీటర్ల అవతల కూడా తేడా కిలోమీటరుకు 3, 4 సెంటీమీటర్లకు మించదు, ఎత్తు మరీ మారకపోతే. ఎత్తు దగ్గర ఒక మాట. ఇక్కడ వాడాల్సింది ఎలిప్సాయిడ్ (భూమికి బదులు లెక్క కోసం పెట్టుకున్న, కాస్త నొక్కిన బంతి ఆకారం) మీది ఎత్తు. పట్టణం సముద్ర మట్టానికి సుమారు 500 మీటర్ల ఎత్తున ఉంది. మన ప్రాంతంలో సముద్ర మట్టపు తలం ఎలిప్సాయిడ్‌కు 70, 80 మీటర్ల కిందే ఉంటుంది కాబట్టి, జీపీఎస్ చూపే ఎత్తు 420 అలా వస్తుంది. రెండూ కలగాపులగం అయితే కిలోమీటరుకు సెంటీమీటరు పైన పోతుంది.

ఈ దారికి ఉన్న లోటూ చెప్పాలి. మీరు కట్టుకున్న ప్రొజెక్షన్ మీకు తప్ప ఇంకెవరికీ తెలియదు. 2005 జాతీయ మ్యాపు విధానంతో వచ్చిన, అందరికీ ఇచ్చే సర్వే ఆఫ్ ఇండియా షీట్లు జీపీఎస్ వాడే డబ్ల్యూజీఎస్ 84 మీద యూటీఎంలో ఉంటాయి. ఆఫీసులో ఇచ్చే ఫైలు యూటీఎంలోనే అడుగుతారు. కాబట్టి లెక్కంతా సొంత గ్రిడ్‌లో చేసుకున్నా, చివరకు యూటీఎంలోకి మార్చి ఇవ్వాలి. పెద్ద వెంచర్లకు, ఒకే మండలంలో నెలల తరబడి సాగే పనులకు ఈ శ్రమ గిట్టుబాటు అవుతుంది. ఒక్క రోజు పనికి గిట్టదు.

మూడు కొలతల్లో, ఎలిప్సాయిడ్ మీదే అడ్జస్ట్‌మెంట్ చేసి, ప్రొజెక్షన్‌ను ఆఖరి మెట్టుకు వదిలేసే దారి కూడా ఉంది. జీపీఎస్ వెక్టర్లు (ఒక పాయింటు నుంచి ఇంకో పాయింటుకు జీపీఎస్ కొలిచిన దూరం, దిశ) ఎక్కువగా ఉన్న నెట్‌వర్క్‌లకు శాస్త్ర ప్రకారం అదే శుద్ధమైనది. జోన్ అతుకు దాటే పనికి ఇంకా మంచిది. అయితే ఇన్‌స్ట్రుమెంట్ ఎత్తు, ప్రిజం ఎత్తు ప్రతి చోటా నమ్మకంగా రాసుకుని ఉండాలి. మన ఫీల్డ్ బుక్కుల్లో అవి ఎంత శ్రద్ధగా ఉంటాయో మీకే తెలుసు.

శుభ్రంగా కనిపించే రిపోర్టు

అన్నింటికన్నా నన్ను భయపెట్టేది ఇది. ఒక పాయింటు, ఒక బేరింగ్, మిగతావన్నీ కోణాలూ దూరాలూ అయితే, ఆ బేరింగ్ ఎంత తప్పైనా లీస్ట్ స్క్వేర్స్ నోరు మెదపదు. నెట్‌వర్క్ మొత్తం కలిసికట్టుగా తిరుగుతుంది, ఏ కొలతా ఇంకో కొలతతో గొడవపడదు, రెసిడ్యువల్స్ (కొలతకూ సర్దిన విలువకూ తేడాలు) అన్నీ చిన్నవిగా ఉంటాయి, ఆ తేడాలు మామూలుగా ఉన్నాయా అని చూసే కై స్క్వేర్ పరీక్ష పాస్ అవుతుంది. నాకు ఆ చెలకలో జరిగింది అదే. క్లోజర్ బాగుంది అంటే కొలతలు ఒకదానితో ఒకటి సరిపోయాయి అని మాత్రమే. ఉత్తరం సంగతి అది చెప్పదు.

అదే నెట్‌వర్క్‌లో రెండో కంట్రోల్ పాయింటు ఒకటి ఉండి ఉంటే, తప్పు మొదటి రన్‌లోనే బయటపడేది. 500 మీటర్ల అవతల పాయింటు 15 మీటర్లు పక్కకు చూపిస్తే ఎవరికైనా కనిపిస్తుంది. అందుకే బేరింగ్ తప్పనిసరిగా వాడాల్సి వస్తే దాన్ని కట్టేయకండి. స్టార్‌నెట్ అనే అడ్జస్ట్‌మెంట్ సాఫ్ట్‌వేర్‌లో ఆశ్చర్యార్థకం పెడితే ఆ విలువ ఇక కదలదు. పాత డ్రాయింగ్ నుంచి తెచ్చిన బేరింగ్‌కు ఆ గౌరవం ఇవ్వకూడదు. దానికి ఒక నిమిషమో రెండు నిమిషాలో స్టాండర్డ్ ఎర్రర్ (ఎంత అటూ ఇటూ ఉండొచ్చో చెప్పే అంకె) ఇచ్చి, పక్కన నమ్మకమైన పాయింట్లు పెట్టి, అది ఎంత ఒదుగుతుందో చూడండి. రెసిడ్యువల్ 52 నిమిషాల దగ్గర వస్తే అది నిజ ఉత్తరం బేరింగ్ అని చదువుకోవచ్చు. 1 డిగ్రీ 44 వస్తే జోనో, గుర్తో. నల్గొండ వైపైతే 30 నిమిషాలు, డిగ్రీ అని వెతకండి. బేరింగ్‌ను 45.3015 అని కొట్టినప్పుడు సాఫ్ట్‌వేర్ దాన్ని 45 డిగ్రీల 30 నిమిషాల 15 సెకన్లు అని చదివిందా, దశాంశ డిగ్రీలుగా తీసుకుని 45 డిగ్రీల 18 నిమిషాలు చేసిందా అన్నది కూడా అక్కడే చూసుకోవాలి.

జోన్ కనిపెట్టడానికి ఈస్టింగ్ (తూర్పు దిశ కోఆర్డినేట్) చాలు. మహబూబ్‌నగర్ దగ్గర ఈస్టింగ్ 8 లక్షల 20 వేల దగ్గర ఉంటే 43, 1 లక్షా 80 వేల దగ్గర ఉంటే 44. ఫైలు ఎవరు పంపినా ముందు ఆ అంకె చూడండి. క్యాడ్‌లో పనికి సులువని ఎవరైనా ముందు అంకెలు కోసేసి పంపితే మాత్రం ఈ గుర్తు కూడా పోతుంది. అలాంటి ఫైలు వస్తే ఫోన్ చేసి అడగండి, ఊహించకండి.

సాఫ్ట్‌వేర్‌ను నమ్మే ముందు ఐదు నిమిషాల పరీక్ష

కొత్త సాఫ్ట్‌వేర్ వేసుకున్నా, కొత్త వెర్షన్ వచ్చినా నేను ఇదొక్కటి చేస్తాను. ఒక పాయింటుకు 16 డిగ్రీల 44 నిమిషాల అక్షాంశం, 78 డిగ్రీల రేఖాంశం ఇస్తాను. రెండో దానికి 16 డిగ్రీల 45 నిమిషాలు, అదే 78. ఈ లైను నిలువునా నిజ ఉత్తరానికి పోతుంది, అజిమత్ సున్నా. ఇప్పుడు 43వ జోన్‌లో రెంటి మధ్య బేరింగ్ అడిగితే 359 డిగ్రీల 8 నిమిషాలు రావాలి. 44వ జోన్‌లో అడిగితే 0 డిగ్రీల 52 నిమిషాలు. ఆ తర్వాత అదే లైనుకు నిజ అజిమత్ సున్నా అని కొలతగా ఇచ్చి అడ్జస్ట్ చేయిస్తాను. రెండో పాయింటు అదే చోటికి వస్తే సాఫ్ట్‌వేర్ కన్వర్జెన్స్ వాడుతున్నట్టు. 28 మీటర్లు పక్కకు పడితే వాడట్లేదు. 56 మీటర్లు పడితే గుర్తు తిరగబడింది.

ఇంతకన్నా సన్నటి దిద్దుబాటు ఇంకోటి ఉంది. గ్రిడ్ మీద అసలు చూపు రేఖ కాస్త వంగి కనిపిస్తుంది. ఆ వంపుకు చేసే సవరణ మహబూబ్‌నగర్ దగ్గర ఉత్తర దక్షిణాల కిలోమీటరు లైనుకు సెకను లోపే. చేలకు, ప్లాట్లకు దాన్ని వదిలేయొచ్చు. ఐదారు కిలోమీటర్ల చూపులు ఉన్న కంట్రోల్ పనుల్లో 4, 5 సెకన్లు అవుతుంది కాబట్టి సాఫ్ట్‌వేర్‌ను చేయనివ్వండి.

ఎవరికి ఏది

నల్గొండ, మిర్యాలగూడ, దేవరకొండ వైపు పనిచేసేవాళ్లకు నా సలహా సూటిగా ఉంటుంది: యూటీఎం 44, రెండు మూడు డీజీపీఎస్ పాయింట్లు, మిగతావన్నీ కోణాలు. నల్గొండ, మిర్యాలగూడ దగ్గర స్కేల్ మీకు అనుకూలంగా ఉంది, సొంత ప్రొజెక్షన్ కట్టుకునే అవసరం దాదాపు రాదు. దేవరకొండ దాటి పడమరకు వచ్చేకొద్దీ తేడా పెరుగుతుంది, పెద్ద చేలకు ఒకసారి లెక్క చూసుకోండి.

మహబూబ్‌నగర్, దేవరకద్ర, వనపర్తి వైపు ఉన్నవాళ్లు పని మొదలయ్యే ముందే జోన్ ఒకటి ఖాయం చేసుకోండి. చేను 78 రేఖకు అటు ఉందా ఇటు ఉందా అని కాదు చూడాల్సింది. ఆ ఊరికి ఇంతకుముందు జరిగిన పని, ఆఫీసు నుంచి వచ్చిన షీటు ఏ జోన్‌లో ఉందో అదే పట్టుకోండి. రేఖ దాటి కిలోమీటరు పోయినా అదే జోన్‌లో కొనసాగించడంలో తప్పు లేదు. కన్వర్జెన్స్ 10 సెకన్లే మారుతుంది, సాఫ్ట్‌వేర్ చూసుకుంటుంది. ఒకే ఊరిని రెండు జోన్లలో చేయడమే తప్పు. విస్తీర్ణం మాత్రం గ్రిడ్ కోఆర్డినేట్ల నుంచి నేరుగా తీసి రాయకండి. నేల మీది దూరాలకు మార్చాకే గుంటలు లెక్కకట్టండి. నెలల పని చేతిలో ఉంటే 78 మధ్యరేఖ ప్రొజెక్షన్‌కు ఒక రోజు ఖర్చు పెట్టండి. కాలువ పని తూర్పు పడమరలుగా పొడవునా పోతే అది కూడా ఈ కోవలోదే.

పంపకాల చిన్న చేలకు లోకల్ ఉత్తరం చాలన్నాను. వాటికీ వీలైనప్పుడు రెండు మూలల రాళ్ల మీద రోవర్ పెట్టి కోఆర్డినేట్లు రాసుకుని ఉంచండి. తర్వాత ఎప్పుడైనా చేనును గ్రిడ్‌లోకి తిప్పి కూర్చోబెట్టుకోవచ్చు.

ఇక మ్యాపు మీద రాసే మాట. ఉత్తరం బాణం గీసి వదిలేస్తే చాలదు. దాని కింద నేనిప్పుడు మూడు వరుసలు రాస్తున్నాను: బేరింగులు ఏ జోన్ గ్రిడ్ ఉత్తరం నుంచి, అక్కడి కన్వర్జెన్స్ ఎంత, దూరాలు నేల మీదివా గ్రిడ్‌వా. ఆ పెద్దాయన చేను మ్యాపు మళ్లీ గీసి ఇచ్చినప్పుడు కూడా అలాగే రాశాను. మొదటి మ్యాపును వెనక్కి తీసుకుని, అందులో బేరింగ్ ఏ జోన్‌దో వెనక వైపు రాసి, ఫైల్లో పెట్టుకున్నాను. సవరించిన కోఆర్డినేట్లతో మళ్లీ వెళ్లి రోవర్ పెడితే, తుమ్మచెట్టు మొదట్లో ఆ బండరాయికి 4 సెంటీమీటర్ల దూరంలో ఆగింది.